రెండో గుటక తర్వాత

బాలరాట్‌లో జూలై నెల.
ఒకప్పుడు ఉన్ని మూటలు దాచిన షెడ్డులో మా స్టూడియో.
పొద్దున్నే రేకుల మీద మంచు కరిగి
బొట్టు బొట్టుగా రాలుతుంటే
మైకు ఆపేసి కూర్చుంటాం, రేకు ఆరేదాకా.

నా పని చప్పుళ్ళు చేయడం.
తెర మీద ఎవడో ఎవడి మెడో విరుస్తాడు,
ఇక్కడ నేను ములక్కాడ విరుస్తాను.
ముదురుదే కావాలి.
లేతది బతిమాలుతుంది తప్ప విరగదు.
డాండినాంగ్‌ నుంచి కట్టలు తెప్పిస్తాం,
చావగా మిగిలినవి సాంబారులోకి.
పుర్రెకి గుమ్మడికాయ. చర్మానికి తడిపిన తోలుసంచి.
వేళ్ళు ఒక్కొక్కటీ విరగాలంటే
నా మెటికలే. వాటికి వేరే డబ్బులివ్వరు.

ఈ సినిమాలో ఒక వంటిల్లు ఉంది.
ఒకావిడ నిలబడి నీళ్ళు తాగుతుంది, అంతే.
వెనక తలుపు మూసే ఉంటుంది.
దర్శకుడు కాలమ్ ట్రెలోర్ పద్దెనిమిదిసార్లు చూసి
భయం లేదన్నాడు,
పప్పులో ఉప్పు లేదన్నట్టు.

వేశాను.
తలుపుకి కిర్రు, గాలికి ఊళ,
అటక మీద టకటక,
గోడ అవతల ఎవరో బరబరా గోకడం.
ఫిడేళ్ళు పిల్లిలా వీపు పైకెత్తాయి.
మళ్ళీ చూశాడు, శాండ్‌విచ్ తింటూ.
అందులోంచి ఊరగాయ ముక్క ఏరి పక్కన పెట్టాడు.
భయపడేవాడు ఊరగాయ ఏరుకోడు.

ఆ రాత్రి ఒక్కదాన్నే ఉండి తీసెయ్యడం మొదలుపెట్టాను.
ఫిడేళ్ళు తీశాను. గాలి తీశాను. గోకుడు తీశాను.
గడియారం తియ్యబుద్ధి కాలేదు, అయినా తీశాను.
ఆవిడ గుటకలు మిగిలాయి,
వాటి కింద ఫ్రిజ్ మోత,
ఆ ఇంటికే వెళ్ళి రికార్డు చేసుకొచ్చింది.
మొదటి సీను నుంచీ జుయ్యిమంటూ ఉంది,
ఇంటికొచ్చి కదలని బంధువులా,
ఎవరూ పట్టించుకోలేదు.
దాన్ని ఇంకా కిందకి దించాను,
చెవికి అందీ అందని లోతుకి, కుర్చీ కాళ్ళలోకి.
రెండో గుటక తర్వాత
ఆపేశాను.

ఆపాక నేనే లేచి
షెడ్డు తలుపు గడియ చూసొచ్చాను.

చప్పుడుకి మనకెన్ని మాటలు!
దబ్బున, ధడాలున, టుప్పున, చిటుక్కున,
పడిన వస్తువునిబట్టి, పడిన నేలనిబట్టి.
చప్పుడు లేకపోవడానికి సొంత మాట ఒక్కటీ తట్టలేదు.
మౌనం ఉంది, కానీ అది మనుషులది, వంటింటిది కాదు.
సడి లేదు, సద్దు లేదు, చడీ చప్పుడూ లేదు,
లేదు లేదంటూనే దాన్ని పేరు పెట్టి పిలుస్తాం.
నిశ్శబ్దం అన్న మాట తలుపు తీసి చూడండి,
లోపల శబ్దం నిలబడి ఉంటుంది
ఊపిరి బిగబట్టి.

మొదటి ఆట లైబ్రరీ పక్క చిన్న హాల్లో.
అరవై మంది, తడి కోట్లు, పాప్‌కార్న్.
నేను తెరకి వీపు పెట్టి జనాన్ని చూశాను.
భయం ముందు భుజాలకొస్తుంది, మొహానికి తర్వాత.

ముందు వరస చివర బ్రాన్విన్ పాస్కో.
ఎనభై ఒక్కేళ్ళు.
ఉన్ని మిల్లు మగ్గాలు ముప్పై ఏళ్ళు నమిలి
రెండు చెవులూ మింగేశాయి.
సినిమాలో వంటిల్లు ఆమెదే, వారానికి అద్దెకిచ్చింది.
ఆ ఫ్రిజ్ ఆమెదే.
దాని గొంతు ఆమె ఎన్నడూ వినలేదు.

మొదటి గుటక.
ఆమె అరచెయ్యి కుర్చీ చేతి మీద ఉంది.
రెండో గుటక.
హాలంతా ఇంకా నములుతూనే ఉంది.
ఆమె మాత్రం వాత పెట్టినట్టు చెయ్యి లాక్కుని
వెనక్కి తిరిగింది,
తెర కేసి కాదు, హాలు తలుపు కేసి.
తర్వాత, చాలా తర్వాత,
ఒక్కొక్క నోరే నమలడం ఆపింది.

ఆట అయ్యాక నా మోచెయ్యి పట్టుకుని
వినపడనివాళ్ళ పెద్ద గొంతుతో అడిగింది:
"ఎవరాపారు దాన్ని?"
నా వైపు వేలు చూపించుకున్నాను.
"పడుకునే ముందు రోజూ దాని మీద చెయ్యేసి చూస్తా.
ఇంట్లో ఇంకెవరో మేలుకునే ఉన్నారని."
కోటు బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటూ
చలిలోకి వెళ్ళిపోయింది.

కాలమ్ వచ్చి బాగుందన్నాడు,
రెండో గుటక మాత్రం కాస్త పెంచమన్నాడు.
సరేనన్నాను.
పెంచలేదు.